పశువుల నొప్పిని గుర్తించడం, తగ్గించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కడివి?

నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. చిత్తూరు జిల్లా పల్లెల్లో కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు మళ్ళీ తిరుపతిలోనే ఉంటున్నాను. పాల కేంద్రం దగ్గర, పశువైద్య శిబిరాల్లో, ఆసుపత్రి వరండాలో రైతులూ, కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకునేవాళ్ళూ, చదువుకునే పిల్లలూ అడిగినవే ఇవన్నీ. అప్పటికప్పుడు నిలబడి చెప్పిన జవాబులు సగం సగంగా ఉండేవి. అందుకే కుదురుగా కూర్చుని రాశాను.

"మేత మేస్తా ఉంది గదమ్మా, నొప్పుంటే మేస్తుందా?"

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. మేస్తుంది. నొప్పి ఉన్నా మేస్తుంది, నడుస్తుంది, పాలు కూడా ఇస్తుంది. ఆవు, మేక, గొర్రె, కుందేలు వంటివి అడవిలో వేటకు గురయ్యే జాతుల నుంచి వచ్చాయి. మందలో కుంటేదాని మీదే పులి కన్ను పడుతుంది. అందుకే బాధను బయటపెట్టకుండా ఉండడం వాటి పుట్టుకలోనే ఉంది. మనం తెచ్చి పాకలో కట్టేసినంత మాత్రాన అది పోదు.

పాకాల వైపు ఒక ఇంట్లో జెర్సీ ఆవు ఉండేది. పాలు పిండేటప్పుడు కదలదు, తన్నదు. "మా ఆవు సాధువమ్మా" అని ఆ ఇంటి పెద్దావిడ మురిసిపోయేది. నేనూ సాధువనే అనుకున్నాను. రెండు వారాల తర్వాత గిట్ట ఎత్తి చూస్తే అడుగున చీము. కదిలితే నొప్పి కాబట్టే అది కదల్లేదు. గిట్ట కోసి చీము తీసి, నొప్పి తగ్గే ఇంజెక్షన్ వేశాం. నాలుగో రోజు నుంచి పాలు పిండబోతే కాలు విసరడం మొదలుపెట్టింది. పెద్దావిడ కంగారుపడింది కానీ ఆ ఆవు అసలు గుణమే అది. ఆ రోజు నుంచి ఎవరైనా "మా గొడ్డు చాలా నెమ్మది" అంటే, మొదటి నుంచీ నెమ్మదేనా, ఈ మధ్యనే నెమ్మదించిందా అని అడుగుతున్నాను.

నొప్పి అనేది మనిషికి ఉన్నట్టే జంతువుకూ ఉంటుందా? శాస్త్రం ఏమంటుంది?

చర్మంలో, కీళ్ళలో, పేగుల గోడల్లో దెబ్బను, వేడిని, వాపును పసిగట్టే నాడుల కొసలు ఉంటాయి. అక్కడి నుంచి కబురు వెన్నుపాములోకి, ఆపైన మెదడుకు వెళుతుంది. ఈ ఏర్పాటు మనిషిలోనూ ఆవులోనూ కుక్కలోనూ చాలావరకు ఒకటే. మత్తు మందులూ నొప్పి మందులూ మనకు పనిచేసినట్టే వాటికీ పనిచేయడానికి కారణం ఇదే.

అయితే నాడిలో కబురు పరుగెత్తడం వేరు, "నాకు బాధగా ఉంది" అనే అనుభవం వేరు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఒక నిర్వచనం ఇచ్చింది. అది మాట మీద, అంటే బాధను చెప్పగలగడం మీద, ఎక్కువగా ఆధారపడిందన్న విమర్శ వచ్చింది. 2020లో దాన్ని సవరించారు. నోటితో చెప్పడం బాధను తెలిపే అనేక మార్గాల్లో ఒకటి మాత్రమేననీ, చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికి గానీ జంతువుకు గానీ నొప్పి లేదనుకోకూడదనీ అందులో స్పష్టంగా రాశారు. ఆ ఒక్క వాక్యం రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

మాట రాని పసిపిల్లల విషయంలోనూ ఇదే జరిగింది. 1980ల దాకా చాలా దేశాల్లో నెలలు నిండని శిశువులకు సరిపడా నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. వాళ్ళకు నొప్పి అంతగా తెలియదని అనుకునేవారు. 1987లో కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ఆ నమ్మకాన్ని కదిలించింది. పశువుల గురించి మాట్లాడేటప్పుడు ఇది నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది.

ముఖం చూసి నొప్పి కొలుస్తారట, నిజమేనా?

నిజమే. 2010లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం ఎలుకల ముఖాల మీద ఈ పని చేసింది. నొప్పి కలగక ముందు, కలిగిన తర్వాత ఎలుకల్ని వీడియో తీసి, ముఖం బాగా కనిపించే ఫొటోలను విడదీశారు. ఏది ముందుదో ఏది తర్వాతిదో చెప్పకుండా వాటికి మార్కులు వేయించారు. కళ్ళు చికిలించడం, ముక్కు మీద ఉబ్బు, బుగ్గల ఉబ్బు, చెవుల తీరు, మీసాల తీరు అని ఐదు గుర్తులు. గుర్తు లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, స్పష్టంగా ఉంటే 2. అంతే. నొప్పి మందు ఇచ్చాక మార్కులు తగ్గాయి. అంటే ఆ ముఖం నొప్పి వల్లే అలా మారిందన్నమాట.

ఆ తర్వాత కుందేలు, గుర్రం, గొర్రె, పిల్లి, పందిపిల్ల, ఇలా చాలా జంతువులకు ఇటువంటి కొలతలు తయారయ్యాయి. ఆవులకు 2015లో డెన్మార్క్‌లో ఒకటి వచ్చింది. చిత్రమేమిటంటే ఇన్ని జాతుల్లో కళ్ళు, చెవులు మాత్రం దాదాపు ప్రతిసారీ జాబితాలో ఉంటాయి. మనకు తలనొప్పి వస్తే కనుబొమలు ముడిపడవూ, అలాగే.

మా ఆవులో, ఎనుములో (గేదెలో) నేను ఏం చూడాలి?

ముందు దాని మామూలు తీరు తెలిసి ఉండాలి. బాగున్న ఆవు రోజులో ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది, పది పన్నెండు గంటలు పడుకుంటుంది. మీరు పాకలోకి వస్తే చెవులు మీ వైపు తిప్పుతుంది, తల ఎత్తి చూస్తుంది, గడ్డి గంప ఎక్కడుందో వెతుకుతుంది.

నొప్పి ఉన్న ఆవు తల వీపు కంటే కిందికి దించి నిలబడుతుంది. చెవులు వెనక్కి గానీ పక్కలకు గానీ వాలిపోయి, పిలిచినా కదలవు. కళ్ళ పైన కండరం బిగుసుకుని అక్కడ ముడతలు కనిపిస్తాయి. ముక్కుపుటాలు పెద్దవవుతాయి. వీపు విల్లులా వంగుతుంది. ఒక కాలి మీద బరువు వేయకుండా కాళ్ళు మార్చుకుంటూ ఉంటుంది. పొట్టలో నొప్పయితే డొక్క వైపు తిరిగి చూస్తుంది, వెనక కాలితో పొట్టను తన్నుకుంటుంది, పళ్ళు కొరుకుతుంది, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతుంది. పళ్ళు కొరికే చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోరు. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బాగా వినిపిస్తుంది.

నడక చూడడానికి మంచి చోటు పాకలోని బండ నేల కాదు, పాల కేంద్రానికి తోలుకుపోయే దారి. గట్టి నేల మీద పక్కనుంచి చూడండి. నిలబడినప్పుడు వీపు చదునుగా ఉండి నడిచేటప్పుడు మాత్రం వంగితే అది కుంటుకు తొలి గుర్తు. 1997లో అమెరికాలో తయారైన 1 నుంచి 5 దాకా మార్కుల పద్ధతిలో దానికి 2 వేస్తారు. నిలబడినప్పుడు కూడా వీపు వంగి ఉంటే 3. కాలు మోపలేని దశ 5. మన దగ్గర 4, 5కు వచ్చాకే డాక్టరును పిలుస్తారు. 2 దగ్గరే పిలిస్తే గిట్ట కోసి శుభ్రం చేయడంతో సరిపోయే రోజులు చాలా ఉంటాయి.

ఎనుము ముఖం నల్లగా ఉండడం వల్ల ముడతలు అంత తేలిగ్గా కనిపించవు. దాని విషయంలో నేను చెవుల్నీ, నెమరునూ, తొట్టిలో నీళ్ళు ఎంత తగ్గాయన్నదాన్నీ ఎక్కువగా నమ్ముతాను.

దగ్గరికి వెళ్ళి చూస్తే చాలదా? దూరం నుంచి ఎందుకు?

నేను చెప్పేవాటిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. ముందు పది నిమిషాలు దూరంగా నిలబడండి, ముట్టుకోవద్దు, పిలవద్దు.

భయపడ్డప్పుడు శరీరమే కొంతసేపు నొప్పిని అణిచేస్తుంది. యాక్సిడెంట్లో కాలు విరిగిన మనిషి లేచి నాలుగడుగులు వేయడం చూసే ఉంటారు. 2014లో మోగిల్ బృందమే మరో విషయం బయటపెట్టింది. మగవాళ్ళు గదిలో ఉంటే ఎలుకలు నొప్పిని తక్కువగా చూపించాయి. మగవాళ్ళు వేసుకున్న టీషర్టు గదిలో పెట్టినా అంతే జరిగింది. ఆ వాసనకు కలిగిన టెన్షనే దానికి కారణం. అంతకుముందు ఎన్ని ప్రయోగాల లెక్కలు ఇలా తారుమారయ్యాయో అని పరిశోధకులు ఆలోచనలో పడ్డారు.

తెల్ల కోటు వేసుకుని, డెట్టాల్ వాసనతో, చేతిలో సూదితో దగ్గరికి వచ్చే నన్ను చూసి ఆవు ఏం చేస్తుంది? తల ఎత్తి, చెవులు నిక్కబొడుచుకుని నిలబడుతుంది. "చూడండి, బాగానే ఉంది" అంటారు ఇంట్లోవాళ్ళు. అందుకే నేను ఇప్పుడు బండి వీధి చివరే ఆపుతాను. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతూ పక్క కంటితో పాకలోకి చూస్తాను. వీలైతే నేను రాకముందే ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి పెట్టమంటాను. నా చెయ్యి పెట్టి చూసినదానికంటే ఆ వీడియోలే నాకు ఎక్కువసార్లు దారి చూపించాయి.

కుక్కకు నొప్పి ఉంటే అరుస్తుంది కదా?

కొన్ని అరుస్తాయి. ఎక్కువ కుక్కలు అరవవు. మంచం ఎక్కడం మానేస్తాయి, మెట్ల దగ్గర ఆగిపోతాయి, నిద్రలో చోటు మార్చుకుంటూ ఉంటాయి, పిల్లలు ముట్టుకుంటే గుర్రుమంటాయి. ముసలిదైపోయిందిలే అని సరిపెట్టుకునే మార్పుల్లో చాలావరకు కీళ్ళ నొప్పులే. వయసును తగ్గించలేం కానీ నొప్పిని తగ్గించగలం.

ఆపరేషన్ అయిన కుక్కలకు ఆసుపత్రుల్లో వాడే కొలత స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టింది. దాని పొట్టి రూపం 2007లో వచ్చింది. కుక్క మూలుగుతోందా, గాయాన్ని నాకుతోందా, నడక ఎలా ఉంది, గాయం చుట్టూ రెండంగుళాల దూరంలో మెల్లగా నొక్కితే ఏం చేస్తుంది, మొత్తం మీద దాని మనసు ఎలా ఉంది, ఎలా పడుకుంది అని చూసి మార్కులు వేస్తారు. మొత్తం 24. 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నొప్పి మందు ఇవ్వాలి. మీ కుక్కకు ఆపరేషన్ జరిగితే "స్కోరు ఎంతుంది?" అని అడగండి. అడగడం మీ హక్కు. అడిగేవాళ్ళు పెరిగితే వేసేవాళ్ళూ పెరుగుతారు.

పిల్లి విషయం?

పిల్లి దాక్కుంటుంది. బీరువా కింద, మంచం కింద, గ్యాస్ బండ వెనక. మాంట్రియల్‌లో 2019లో వచ్చిన పిల్లి ముఖపు కొలతలో చెవులు, కళ్ళు, మూతి బిగువు, మీసాలు, తల ఎంత ఎత్తులో ఉంది అనేవి ఐదు గుర్తులు. ఒక్కోదానికి 0, 1, 2. పదికి 4 వచ్చిందంటే మందు అవసరం. ఇది ఇంట్లో మీరే నేర్చుకోవచ్చు. నిద్రపోతున్నప్పుడు, తింటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు మాత్రం వేయకూడదు, లెక్క తప్పుతుంది.

ఇంట్లో ఉన్న పారాసెటమాల్ సగం ముక్క ఇవ్వొచ్చా?

పిల్లికి ఒక్క ముక్క కూడా ఇవ్వొద్దు. దయచేసి ఇవ్వొద్దు. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్ళు గోధుమరంగుకో నీలంగానో మారతాయి, ముఖం వాస్తుంది, ఆయాసం వస్తుంది. ఒక మాత్రతో పిల్లి చనిపోవచ్చు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే గుర్తులు కనిపించేదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి. విరుగుడు ఉంది, గంటలు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు.

మనం నొప్పికి వేసుకునే ఐబూప్రొఫెన్ కుక్కలకు అంతే ప్రమాదం. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

నొప్పికి వేసే డైక్లోఫినాక్ సూది చవక, బాగా పనిచేస్తుంది. డాక్టర్లు ఎందుకు వద్దంటారు?

ఆవుకు పనిచేస్తుంది, నిజమే. ఆ ఆవు చనిపోయాక దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి కొద్ది రోజుల్లో చనిపోతుంది. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కనబడకుండా పోవడానికి ఇదే ముఖ్య కారణమని 2004లో తేలింది. కొన్ని జాతులు నూటికి 95కు మించి నశించాయి. 2006లో పశువులకు డైక్లోఫినాక్ వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. కానీ మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను గొడ్లకు వాడుతూ వచ్చారు. దాంతో 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదని ఆంక్ష పెట్టారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అనే నొప్పి మందులను కూడా పశువులకు నిషేధించారు.

మెలోక్సికామ్ అనే మరో నొప్పి మందు రాబందులకు హాని చేయదని పరీక్షించి చూశారు. ఆవుకూ మంచి మందే, ఎక్కువసేపు పనిచేస్తుంది, ధర కూడా ఇప్పుడు అందుబాటులోనే ఉంది. మందుల షాపులో అడిగేటప్పుడు "నొప్పి సూది" అని అడక్కుండా పేరు చెప్పి అడగండి. ఇచ్చింది ఏమిటో సీసా మీద చదవండి.

ఒక పశువు బాధ తీర్చడానికి వాడిన మందు ఒక పక్షి జాతిని తుడిచిపెట్టే దాకా వెళ్ళింది. నొప్పి మందు గురించి ఎక్కడ మాట్లాడినా నేను ఇది చెప్పకుండా ఉండలేను.

కొమ్ములు పెరగకుండా దూడకు కొమ్ము మొగ్గలు కాల్చేటప్పుడు మత్తు అవసరమా? క్షణం పనే కదా?

అవసరం. చదువుకునే రోజుల్లో ఒక పాడి క్షేత్రంలో నేను మత్తు లేకుండా కాల్చాను. అక్కడ అందరూ అలాగే చేసేవారు. దూడ మోకాళ్ళ మీద పడిపోయింది. వదిలేయగానే లేచి తల్లి దగ్గరకు పోయి పాలు తాగింది. "చూశావా, మరిచిపోయింది" అన్నారు పెద్దవాళ్ళు. నేను నమ్మాను. ఆ నమ్మకం తప్పని ఇప్పుడు తెలుసు, ఆ దూడ ముఖం ఇప్పటికీ నాతోనే ఉంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 2013లో దూడల మీద ఒక పరిశోధన చేశారు. తెర మీద ఒక రంగు కనిపిస్తే పాలు దొరుకుతాయి, మరో రంగు కనిపిస్తే దొరకవు అని ఎరుపు, తెలుపులతో దూడలకు నేర్పారు. తర్వాత రెండింటికీ మధ్య రంగులు చూపించారు. బాగున్న దూడ "పాలేనేమో" అన్నట్టు దగ్గరికి వెళ్ళేది. కొమ్ము మొగ్గలు కాల్చిన తర్వాత అవే దూడలు అదే రంగు చూసి తక్కువసార్లు వెళ్ళాయి. ఏదో మంచి జరుగుతుందన్న ఆశే వాటిలో తగ్గింది. వాటికి కాల్చేటప్పుడు మత్తు ఇచ్చారు కూడా. మత్తు దిగిపోయాక మిగిలే నొప్పి సంగతి ఇది.

అందుకే రెండూ కావాలి. కంటి మూలకూ కొమ్ము మొదలుకూ మధ్య ఉన్న నాడి దగ్గర లిగ్నోకైన్ అనే మత్తు సూది వేస్తే ఆ చోటు మొద్దుబారుతుంది. అది ఒకటి రెండు గంటలు పనిచేస్తుంది. ఆ తర్వాతి గంటల కోసం మెలోక్సికామ్ వంటిది ముందే ఇవ్వాలి. ఇక వయసు. సుమారు రెండు నెలల దాకా కొమ్ము మొగ్గ చర్మంలోనే ఉంటుంది, పుర్రెకు అతుక్కోదు. ఆ లోపు చేస్తే చిన్న పని. పెద్దయ్యాక కొమ్ము కోయడమంటే ఎముక కోయడమే. సూది వేశాక ఐదు పది నిమిషాలు ఆగండి. మొగ్గ చుట్టూ సూది మొనతో తాకితే దూడ తల విదిలించకూడదు. అప్పుడే మొదలుపెట్టమని చెప్పండి. చేసేవాళ్ళు తొందరపడితే పశువు మీది, ఆపే అధికారం మీకుంది.

వాతలు పెడితే నొప్పి తగ్గుతుందని మా తాత చెప్పేవాడు.

మీ తాతగారు పశువు మీద ప్రేమతోనే చెప్పారు. ఆ రోజుల్లో చేతిలో ఉన్నది అదే. కాల్చిన చోట కొత్త నొప్పి పుడుతుంది కాబట్టి పాత నొప్పి మీద నుంచి పశువు ధ్యాస కొంతసేపు మళ్ళుతుంది. కొత్త చోటు కాలితే పాత కుంటు కాసేపు కనిపించకపోవచ్చు. అది చూసి తగ్గిందనుకున్నారు. వాపు తగ్గదు, జబ్బు తగ్గదు, పైగా పుండు పడి ఈగలు ముసిరి పురుగులు పడతాయి. గాలికుంటు వచ్చిన పశువుకు వాత పెట్టడం నేను చూశాను. నోట్లో పుండ్లతో, గిట్టల్లో పుండ్లతో ఉన్నదానికి పొట్ట మీద ఇంకో పుండు. వద్దు.

నొప్పి తగ్గిస్తే ఆ కాలితో ఎక్కువ నడిచి ఇంకా పాడుచేసుకోదా?

చదువుకున్నవాళ్ళే ఇది ఎక్కువ అడుగుతారు, మా ప్రొఫెసర్లలోనూ ఒకప్పుడు ఈ అభిప్రాయం ఉండేది. కదలకుండా ఉంచాలంటే కట్టు ఉంది, మెత్తటి పడక ఉంది, గాటికి పొట్టి తాడుంది. నొప్పిని తాడుగా వాడక్కర్లేదు. పైగా ఎక్కువ రోజులు నొప్పితో ఉంటే వెన్నుపాములోని నాడులు రేగి, చిన్న తాకిడికి కూడా పెద్ద నొప్పి పుట్టే స్థితి వస్తుంది. దీన్ని 1983లోనే క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త చూపించారు. దెబ్బ మానినా నొప్పి మానని పశువులు అలా తయారవుతాయి. ఆపరేషన్‌కు ముందే నొప్పి మందు ఇవ్వడం మంచిదని చెప్పేదీ ఇందుకే. మంట అంటుకోకముందే నీళ్ళు సిద్ధం చేసుకోవడం వంటిది.

పొదుగు వాపుకు యాంటీబయాటిక్ వేస్తున్నాం. నొప్పి మందు దండగ ఖర్చు కాదా?

కాదు. న్యూజిలాండ్‌లో తేలికపాటి పొదుగు వాపు వచ్చిన ఆవుల్లో సగానికి యాంటీబయాటిక్‌తో పాటు మెలోక్సికామ్ కూడా ఇచ్చి చూశారు. 2009లో ఫలితాలు వచ్చాయి. మెలోక్సికామ్ తీసుకున్న ఆవుల పాలలో వాపును తెలిపే కణాలు తగ్గాయి, మందలోంచి తీసేయాల్సి వచ్చిన ఆవులూ తక్కువే. చిత్తూరు జిల్లాలో రెండు మూడు ఆవుల మీద ఇల్లు నడిపే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఒక ఆవును అమ్మేయాల్సి రావడమంటే ఏమిటో వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

మందు వేశాక పాలు పోయవచ్చా?

డాక్టరు చెప్పిన రోజులు ఆగాలి. ఒక్కో మందుకు గడువు వేరు. చీటీ మీద ఆ రోజులు రాయించుకోండి.

కోళ్ళకు, చేపలకు కూడా నొప్పి ఉంటుందంటారా?

2000లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో కుంటే బ్రాయిలర్ కోళ్ళ ముందు రెండు రకాల దాణా పెట్టారు. ఒకదానిలో నొప్పి మందు కలిపారు. కుంటే కోళ్ళు మందు కలిపిన దాణాను ఎక్కువగా తిన్నాయి. కుంటు ఎక్కువయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ తిన్నాయి. కోడిని నొప్పి ఉందా అని అడిగితే అది ఇచ్చే జవాబు ఇంతకంటే స్పష్టంగా ఉండదు.

చేపల విషయంలో 2003లో లిన్ స్నెడన్ అనే శాస్త్రవేత్త ట్రౌట్ చేప తల మీద నొప్పిని పసిగట్టే నాడులను గుర్తించింది. పెదవికి ఘాటైన ఆమ్లం తగిలిన చేపలు పెదవిని గులకరాళ్ళకు రుద్దుకున్నాయి, చాలాసేపు తిండి ముట్టలేదు. మార్ఫిన్ అనే నొప్పి మందు ఇస్తే ఆ తీరు తగ్గింది. చేపలో అనుభవం మన అనుభవం లాంటిదేనా అనే వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది. నా మట్టుకు నేను, అనుమానం ఉన్నప్పుడు జంతువు వైపే నిలబడాలనుకుంటాను. బ్రిటన్ 2022 చట్టంలో పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లను కూడా అనుభూతి ఉన్న ప్రాణులుగా చేర్చారు.

ఇదంతా తెలుసుకోవడానికి జంతువులకు నొప్పి కలిగించారు కదా. అది న్యాయమా?

కష్టమైన ప్రశ్న, తప్పించుకోను. కలిగించారు. పైన చెప్పిన ఎలుకలు, చేపలు వాటి ఇష్టంతో రాలేదు. 1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు మూడు నియమాలు చెప్పారు. జంతువు లేకుండా చేయగలిగితే అలా చేయాలి, తప్పకపోతే వీలైనంత తక్కువ జంతువులతో చేయాలి, వాటికి బాధ తగ్గేలా పద్ధతి మార్చుకోవాలి. మన దేశంలో 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, ఆపరేషన్ ఉన్న ప్రయోగాలను సాధ్యమైనంతవరకు మత్తులోనే చేయాలని చెబుతుంది. ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలి, దాని అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు.

నాకు మనసుకు నచ్చేది మరో దారి. పశువులకు ఎలాగూ జబ్బు చేస్తుంది, ఎలాగూ ఆపరేషన్లు జరుగుతాయి. ఆసుపత్రికి వచ్చే ఆ పశువులను జాగ్రత్తగా గమనించి, వీడియో తీసి, మందుకు ముందు, తర్వాత మార్కులు రాసుకుంటే అదీ పరిశోధనే. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, దాని గేటు దాటి రోజూ ఎన్ని పశువులు వస్తాయో ఇక్కడివాళ్ళందరికీ తెలుసు. పుంగనూరు ఆవు వంటి పొట్టి జాతి ముఖంలో ఈ గుర్తులు ఎలా కనిపిస్తాయి, ఎనుముకు వేరే కొలత కావాలా అన్న ప్రశ్నలు యూరప్‌వాళ్ళు మన కోసం తేల్చిపెట్టరు. పీజీ చేసే పిల్లలకు నేను చెప్పేది ఇదే.

కనుమ తర్వాత పశువుల పండగలో ఎద్దులకు దెబ్బలు తగిలితే?

చంద్రగిరి వైపు రంగంపేట, చుట్టుపక్కల ఊళ్ళలో కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు. ఆ గోలలో, ఆ పరుగులో ఎద్దుకు నొప్పి తెలియదు. పైన చెప్పిన భయం సంగతి ఇక్కడా అంతే. అది కుంటకుండా ఇల్లు చేరిందంటే దెబ్బ లేదని కాదు. ఆ రాత్రి, మర్నాడు పొద్దున చూడండి. పలక తాడు ఒరుసుకున్న చోట, కొమ్ము మొదట్లో, భుజం మీద వేడి ఉందా, లేవడానికి తంటాలు పడుతోందా చూడండి. పండగను ప్రేమించేవాళ్ళే ఎద్దునూ ప్రేమిస్తారు, ఈ మాట వాళ్ళకు నేను నిస్సంకోచంగా చెబుతాను. ముల్లుకర్ర మాత్రం బండి ఎద్దుకైనా వాడకూడదు, 1965 నిబంధనలు దాన్ని నిషేధించాయి. 37 డిగ్రీలు దాటే రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండికి కట్టకూడదని కూడా అవే చెబుతాయి. మన ఎండాకాలంలో అది దాదాపు ప్రతి రోజూ వర్తిస్తుంది.

ఎప్పుడు ఆగకుండా ఫోన్ చేయాలి?

పళ్ళు కొరుకుతూ మూలుగుతుంటే, ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుంటే, ఈనడానికి గంటల తరబడి ముక్కుతున్నా దూడ రాకపోతే, లేవలేకపోతే, కాలు వేలాడుతుంటే. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. అది వచ్చేలోగా నీడ, నీళ్ళు, కింద గడ్డి పరవడం. నోట్లో బలవంతంగా ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇచ్చిన మందు పనిచేసిందని నాకెలా తెలుస్తుంది?

మందు ఇవ్వకముందు చూసింది రాసి ఉంటేనే తెలుస్తుంది. "కొంచెం తేరుకున్నట్టుంది" అన్న మాటను నేను ఇప్పుడు ఒప్పుకోను, నా నోటి నుంచి వచ్చినా సరే. మనకు తగ్గాలని ఉంటుంది కాబట్టి తగ్గినట్టే కనబడుతుంది.

మొదట చెప్పిన పాకాల పెద్దావిడకు చదువు రాదు. గిట్ట కోసిన రోజు ఆమెకు నాలుగు విషయాలు చెప్పాను: చెవులు, తల, నెమరు, కాలు. పొద్దున దూరం నుంచి చూసి, బాగుంటే గీత వేయొద్దు, కొంచెం తేడా ఉంటే ఒక గీత, బాగా తేడా ఉంటే రెండు. ఆమె పాక గోడ మీద సుద్దముక్కతో ఒక్కో రోజుకు ఒక్కో వరస వేసింది. నేను మళ్ళీ వెళ్ళేసరికి మొదటి వరసలో ఏడు గీతలు, రెండో దానిలో ఐదు, మూడో దానిలో రెండు. నాలుగో వరసలో గీతలే లేవు. చివర ఒక చిన్న సున్నా చుట్టి ఉంది. అదేమిటవ్వా అని అడిగితే, "ఆ పొద్దే తల్లీ, కాలు ఇసిరింది" అంది.